ఏడున్నర అంగుళాల పందెపు విమానం



మొన్న ఆదివారం పొద్దున, ఉప్పల్‌లో మా ఇంటి మేడమీది గదిలో, వెంట్రుకంత వైరు కొసను పట్టకారుతో పట్టి ఒక చిన్న రంధ్రంలోకి దించాను. గుండుసూది మొనతో చుక్క జిగురు పెట్టాను. ముప్పై దాకా లెక్కపెట్టి పట్టకారు వదిలాను. వైరు నిలిచింది. అదే ఆఖరు వైరు. ఏడాదిన్నరగా నా బల్లమీద ఉన్న విమానం పూర్తయింది. కిందికి దిగి మా ఇంటావిడను పిలిచాను. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని, ముట్టుకోకుండా బల్ల చుట్టూ తిరిగి చూసి, "ఇంక దీనికి చెయ్యాల్సిందేం లేదా?" అని అడిగింది. లేదన్నాను. ఆ ఒక్క మాట అనడానికే ఏడాదిన్నర పట్టింది.

విమానం పేరు సూపర్‌మెరీన్ ఎస్.6బి. 1931లో ఇంగ్లండ్ దక్షిణ తీరాన, నీటిమీద నుంచి లేచి పందెం గెలిచిన విమానం. చక్రాలుండవు. వాటి బదులు రెండు పొడవాటి పడవల్లాంటి తేలుడు కాళ్లుంటాయి. అసలు విమానం రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 30 అడుగులు. నేను చేసింది నలభై ఎనిమిదో వంతు నమూనా. అంటే ఏడున్నర అంగుళాలు. మీ అరచేతికి కొంచెం అటూ ఇటూ మిగులుతుంది.

ఈ కొలతల సంగతి మా ఉప్పల్ వాళ్లకు కొత్త కాదు. మా దగ్గరే సర్వే ఆఫ్ ఇండియా ఉంది. వాళ్ల పటంలో ఒక కిలోమీటరు నేల రెండు సెంటీమీటర్ల కాగితం అవుతుంది. అక్కడ నేల కుదించుకుంటుంది, ఇక్కడ లోహం కుదించుకుంటుంది. లెక్క ఒకటే. కాని పటం గీసేవాడికి లేని చిక్కు నమూనా చేసేవాడికి ఒకటుంది. విమానాన్ని నలభై ఎనిమిదో వంతుకు కుదించగలం, దానిమీద పడే దుమ్మును కుదించలేం. రంగు ఆరకముందు కాలు మిల్లీమీటరు ఇసుక రేణువు పడిందంటే, అసలు విమానం మీద పన్నెండు మిల్లీమీటర్ల గులకరాయి అంటుకున్నట్టు. రంగు పొర మిల్లీమీటరులో పదో వంతు మందం అయిందా, అసలు విమానానికి దాదాపు అయిదు మిల్లీమీటర్ల రంగు పూసినట్టు. రేకుల మధ్య గీతలన్నీ దానికింద పూడిపోతాయి. నమూనాకు ముగింపు పని అంటే చాలావరకు ఈ లెక్కతో పోరాటమే.

నేను నాచారం పారిశ్రామికవాడలో 34 ఏళ్లు డై మేకర్‌గా పనిచేశాను. ప్లాస్టిక్ బకెట్లు, సీసా మూతలు, స్విచ్ బోర్డులు, దువ్వెనలు, ఇవన్నీ పోతపోసే ఉక్కు అచ్చులు చెక్కడం నా పని. లేత్, మిల్లింగ్, స్పార్క్ మెషీన్, ఆ తర్వాత చేత్తో డైమండ్ పేస్టు పెట్టి పాలిష్. ఆ రోజుల్లో తూర్పు నుంచి బేగంపేటకు దిగే విమానాలు మా షెడ్డు కిటికీలోంచి కనిపించేవి. 2008లో విమానాశ్రయం శంషాబాద్‌కు పోయింది, ఆ శబ్దమూ పోయింది. అందుకేనేమో, ఉద్యోగం అయిపోయాక చేతులు విమానాలను వెతుక్కున్నాయి.

విదేశంలో ఉన్న మా మేనల్లుడు ఈ కిట్టు తెచ్చిచ్చినప్పుడు, పెట్టె తెరవగానే నాకు ముందు కనబడింది విమానం కాదు, డై. ప్లాస్టిక్ చట్రానికి ముక్కలు కాయల్లా వేలాడుతున్నాయి. కరిగిన పాలిస్టైరిన్ ఏ దారిన లోపలికి వచ్చిందో, ఏ గేటు దగ్గర విడిపోయిందో తెలుస్తూనే ఉంది. అచ్చు రెండు సగాలు కలిసిన చోట సన్నని గీత, దాన్ని మేం పార్టింగ్ లైన్ అంటాం. ముక్కను అచ్చులోంచి బయటికి నెట్టిన పిన్నుల గుండ్రటి గుర్తులు. మందంగా ఉన్నచోట చల్లారేటప్పుడు లోపలికి పీల్చుకుపోయిన గుంట. ఈ గుర్తుల్లో ప్రతి ఒక్కటీ ఎవరో ఒక డై మేకర్ తీసుకున్న నిర్ణయం. ఆయన ఎవరో, ఏ దేశమో నాకు తెలియదు. కాని ఎజెక్టర్ పిన్నులన్నీ లోపలివైపు, కంటికి కనిపించని చోట పెట్టాడు. కష్టం ఎరిగిన మనిషి. బల్లముందు కూర్చుని మనసులోనే దండం పెట్టాను.

యుద్ధ విమానం నమూనాకు ఒక వెసులుబాటు ఉంది. మచ్చలమచ్చల రంగు, మసి, బురద, గీతలు, వీటి చాటున అతుకులు దాగుతాయి. పందెపు విమానానికి ఆ చాటు లేదు. అద్దంలా మెరవాలి. వెండిరంగు, నీలం, రెండూ గుట్టు దాచనివి. ముఖ్యంగా వెండిరంగు. పుట్టీ పెట్టి, 400 నుంచి 2000 దాకా వాటర్ పేపర్‌తో రుద్ది, వేలితో తడిమి నున్నగా ఉందనుకున్న అతుకు, వెండిరంగు పడగానే కంటికి కొడుతుంది. ఒంటి రెండు సగాలు కలిసిన గీతను నేను నాలుగుసార్లు విప్పి మళ్లీ పూడ్చాను.

మరి ఆ విమానం అంత నున్నగా ఎందుకుండాలో తెలియాలంటే దాని కథ తెలియాలి.

జాక్ ష్నైడర్ అనే ఫ్రెంచి ధనికుడు నీటి విమానాల కోసం ఒక పందెం పెట్టాడు. మొదటిది 1913లో మొనాకోలో జరిగింది. అయిదేళ్లలో మూడుసార్లు గెలిచిన దేశానికి ఆ ట్రోఫీ శాశ్వతం. బ్రిటన్ 1927లో వెనిస్‌లో గెలిచింది, 1929లో సొంతగడ్డ మీద గెలిచింది. 1931 వచ్చేసరికి ప్రపంచమంతా ఆర్థికమాంద్యం, ప్రభుత్వం డబ్బివ్వనంది. అప్పుడు లేడీ హ్యూస్టన్ అనే సంపన్నురాలు లక్ష పౌండ్లు ఇచ్చింది. అప్పటి మారకంలో 13 లక్షల రూపాయలకు పైమాట. ఆ డబ్బుతో కొత్త విమానం మొదటినుంచి కట్టడానికి వ్యవధి లేదు. పాత ఎస్.6నే సవరించి, ఇంజన్ బలం పెంచి, రెండు విమానాలు కట్టారు. అవే ఎస్.6బి.

కట్టినవాడు రెజినాల్డ్ మిచెల్. పదహారేళ్ల వయసులో రైలింజన్ల కార్ఖానాలో అప్రెంటిస్‌గా చేరినవాడు. మా నాచారం పక్కనే లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో నూనె చేతులతో బయటికొచ్చే కుర్రాళ్లను చూసినప్పుడల్లా నాకు మిచెల్ గుర్తొస్తాడు. ఆయన ముందున్న సమస్య వేడి. రోల్స్‌రాయిస్ వాళ్ల 'ఆర్' ఇంజన్ 37 లీటర్లది, 2300 గుర్రాల బలానికి మించి లాగేది. ఆ వేడిని బయటికి పంపాలంటే రేడియేటర్ కావాలి. గాలికి ఎదురుగా రేడియేటర్ పెడితే వేగం చచ్చిపోతుంది. మిచెల్ ఏం చేశాడంటే, రెక్క పైతోలునే రేడియేటర్ చేశాడు. రెక్కమీది రేకుల కింద వేడినీరు పారుతుంది. తేలుడు కాళ్ల పైభాగమూ అంతే. ఒంటి పక్కల నూనె చల్లార్చే గాడులు. ఇంధనమంతా ఆ కాళ్లలోనే, అదీ కుడికాలిలో ఎక్కువ. ఎందుకంటే ప్రొపెల్లర్ తిరిగే బలానికి విమానం ఒకవైపు ఒరుగుతుంది, దాన్ని ఆ బరువు సరిచేస్తుంది. 1931లో ఒక చిన్న ప్రొపెల్లర్ బిగించి చూస్తే విమానం లేవకుండా నీళ్లమీద గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. మళ్లీ పెద్దది బిగించాకే దారికొచ్చింది.

నా బల్లమీది నమూనా ఒంటి పక్కనా ఆ సన్నని గాడులున్నాయి, అవి అందం కోసం కాదు. అసలు విమానంలో ఒక్కొక్కటీ ఇంజన్ ప్రాణం కాపాడింది. అందుకే రంగు కింద వాటిని పూడనివ్వకూడదని అంత పట్టు పట్టాను.

1931 సెప్టెంబర్ 13న పందెం. ఇటలీ, ఫ్రాన్స్ విమానాలు సిద్ధం కాలేదు. బ్రిటన్ ఒంటరిగా గాల్లోకి లేచింది. బూత్‌మన్ అనే వైమానికుడు సోలెంట్ సముద్రపాయ మీద ఏడు చుట్లు చుట్టాడు, గంటకు 547 కిలోమీటర్ల వేగంతో. మన ఉప్పల్ చౌరస్తా నుంచి వరంగల్‌కు పదిహేను నిమిషాలు అన్నమాట. అదే నెల 29న స్టెయిన్‌ఫోర్త్ గంటకు 655 కిలోమీటర్లు దాటించి ప్రపంచ రికార్డు పెట్టాడు. పోటీదారు లేని గెలుపు గెలుపేనా అని కొందరంటారు. ఆ విమానం పోటీపడింది వేడితో, నీటితో, గాలితో. ఆ మూడూ పందేనికి రాకుండా మానలేదు. నా లెక్కలో అది పూర్తి గెలుపే.

ఇక రంగు. ఏడాదిన్నరలో అయిదు నెలలు రంగుకే పోయాయి.

మొదటిసారి వెండిరంగు కొట్టింది జూలైలో. ముసురు పట్టిన రోజు. ఆగలేకపోయాను. పిచికారీ చేసిన పది నిమిషాలకు రెక్కమీద తెల్లటి పొగమంచు లాంటిది పరుచుకుంది. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దానిమీద చేరి రంగులో చిక్కుకుంటుంది. ముప్పై నాలుగేళ్లు పనిముట్లతో బతికినవాణ్ణి, ఆరోజు పనిముట్టు మాట వినలేదు. రంగంతా తీసేశాను.

తర్వాత ఉప్పల్ బస్ డిపో దగ్గర్లోని ఒక డెంటింగ్, పెయింటింగ్ షెడ్డుకు వెళ్లాను. అక్కడి పెయింటర్ భాయ్ నా విమానాన్ని రెండు వేళ్లతో ఎత్తి వెలుతురుకు అడ్డంగా పట్టి చూశాడు. కార్ల తలుపులు చూసే చూపే అది. "సాబ్, రంగు తప్పు లేదు. కింద ప్రైమర్‌ను మీరు నమ్మారు, అది తప్పు" అన్నాడు. వెండిరంగు కింద నల్లటి నిగనిగల రంగు వెయ్యమన్నాడు. నలుపు అద్దంలా వస్తే వెండి దానంతటదే వస్తుందన్నాడు. దసరా వెళ్లి గాలి పొడిబారేదాకా ఆగమన్నాడు. గది నేలమీద నీళ్లు చల్లి దుమ్ము అణిచి, అరగంట ఆగి, అప్పుడు గన్ పట్టమన్నాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. కార్తీకంలో రంగు వేశాను. మొదట నలుపు, రెండురోజులు ఆరబెట్టి రబ్బింగ్ కాంపౌండ్, ఆపైన వెండి, పల్చగా, దూరంనుంచి. నీలం రంగుకు హద్దు గీయడానికి మాస్కింగ్ టేపును గాజుపలక మీద అతికించి, కొత్త బ్లేడుతో అంచు కోసి వాడాను. టేపు చుట్ట అంచు చూడ్డానికి తిన్నగా ఉంటుంది, భూతద్దం కింద రంపంలా ఉంటుంది.

అంకెలు, అక్షరాల డెకాల్స్ నీళ్లలో నానబెట్టి జార్చి అతికించాలి. మా ఉప్పల్ బోరునీళ్ల సంగతి తెలిసిందే, బకెట్ అంచున తెల్లటి పొర కడుతుంది. ఆ నీళ్లే డెకాల్ కింద ఆరితే, నీలం రంగుమీద సున్నపు చారలు కడతాయి. దానికి మందు ఇన్వర్టర్ బ్యాటరీల దుకాణంలో దొరికింది. బ్యాటరీలో పోసే నీళ్లు. ఒక డబ్బా కొన్నాను. ఒక్క చార కూడా రాలేదు.

ఇక వైర్లు. ఈ విమానం రెక్కలనూ, ఒంటినీ, తేలుడు కాళ్లనూ బిగించి పట్టేది ఉక్కు తీగలు. నమూనాలో వీటిని దారంతో వేసేవాళ్లున్నారు, సాగదీసిన ప్లాస్టిక్‌తో వేసేవాళ్లున్నారు. దారానికి నూగు ఉంటుంది, ప్లాస్టిక్ మా ఎండలకు సడలుతుంది. నాచారంలో మోటార్లు వైండింగ్ చేసే ఒక షాపుంది. అక్కడికెళ్లి అన్నింటికంటే సన్నని రాగి తీగ అడిగాను. 40 గేజి. మిల్లీమీటరులో నూటికి పన్నెండు వంతుల మందం. నలభై ఎనిమిది రెట్లు చేస్తే ఆరు మిల్లీమీటర్లకు దగ్గర. సరిగ్గా సరిపోయింది. వైండింగ్ చేసే అబ్బాయి ఒక మూర తీగ కత్తిరించి, "దేనికి తాతా, ఫ్యానుకా?" అన్నాడు. విమానానికన్నాను. ఆ సాయంత్రం షాపు మూసేసి మా ఇంటికొచ్చి చూసి వెళ్లాడు. ఆ తీగను రెండు గాజుపలకల మధ్య దొర్లిస్తే సూదిలా తిన్ననవుతుంది. కొలిచి కోసి, వెండిరంగు పూసి, ఒక్కొక్కటే దించాను. మొదట్లో చెప్పిన ఆఖరు వైరు అలాంటిదే.

అంతా అయ్యాక ఒక ప్రశ్న మిగిలింది. పొగగొట్టాల వెనక మసి వెయ్యాలా, కాళ్లమీద సముద్రపు ఉప్పు చారలు వెయ్యాలా? ఈ కళలో పేరున్నవాళ్లు వేస్తారు, బాగానే వేస్తారు. నేను వెయ్యలేదు. పందెం రోజు పొద్దున, మెకానిక్కులు గుడ్డతో తుడిచి నీళ్లలోకి దించిన క్షణంలో ఈ విమానం ఎలా ఉంటుందో అలా ఉండాలనుకున్నాను.

ఇప్పుడు మిగిలిన మాట ఒకటుంది. హైదరాబాద్‌కు దీనితో బంధుత్వం ఏమిటి?

ఈ విమానం కట్టిన మిచెలే తర్వాత స్పిట్‌ఫైర్ రూపొందించాడు. ఎస్.6బి రెక్కలే స్పిట్‌ఫైర్ రెక్కలని చాలామంది చెబుతారు, అది సరికాదు. రెండింటి మధ్య టైప్ 224 అనే విమానం ఒకటి వచ్చింది, అది విఫలమైంది. స్పిట్‌ఫైర్ రెక్క వేరు, ఇంజన్ వేరు. ష్నైడర్ పందేల నుంచి మిచెల్‌కు అందింది ఆకారం కాదు, అతివేగంలో లోహం ఎలా ప్రవర్తిస్తుందన్న ఎరుక, రోల్స్‌రాయిస్ వాళ్లతో కుదిరిన చెలిమి. 1936 మార్చి 5న స్పిట్‌ఫైర్ మొదటిసారి ఎగిరింది. మరుసటి ఏడు జూన్‌లో, 42 ఏళ్లకే, మిచెల్ క్యాన్సర్‌తో పోయాడు.

1940లో స్పిట్‌ఫైర్లు నడిపిన బ్రిటిష్ దళాల్లో ఒకదాని పేరు 152 హైదరాబాద్ స్క్వాడ్రన్. ఏడో నిజాం ఇచ్చిన సొమ్ముతో ఆ పేరొచ్చింది. దాని చిహ్నం మీద నిజాం దస్తార్ ఉండేది. విమానాల పక్కన యూ.ఎం. అనే అక్షరాలుండేవి. బ్రిటన్ గగనయుద్ధంలో ఆ దళం వార్మ్‌వెల్ నుంచి ఎగిరి ఇంగ్లండ్ దక్షిణ తీరాన్ని కాచింది. అంతకు తొమ్మిదేళ్ల ముందు ఎస్.6బి పందెం గెలిచింది ఆ తీరానే. తర్వాత ఆ దళం బర్మా రంగానికీ వచ్చింది. అంతకుముందు, మొదటి ప్రపంచయుద్ధంలో, 1918లో, 110 స్క్వాడ్రన్‌కు డి.హెచ్.9ఎ విమానాలు హైదరాబాద్ కానుకగా వెళ్లాయి. కానుక అని విమానాల మీదే రాశారు. ఆ దళానిది ఒక విమానం ఇప్పటికీ లండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఉంది. రికార్డు పెట్టిన ఎస్.6బి కూడా అదే నగరంలో, సైన్స్ మ్యూజియంలో ఉంది. నిజాం పేరున వెళ్లిన ఆ సొమ్ము వెనక ఈ నేల రైతు చెమట ఉందని నేను నమ్ముతాను. అందుకే ఆ విమానాలు నాకు పరాయివి కావు.

నాచారం, మల్లాపూర్, ఉప్పల్ షెడ్లలో పనిచేసే డై మేకర్లకు, ముఖ్యంగా కుర్రవాళ్లకు ఒక మాట. మనం దువ్వెనకు డై చెక్కగలం, సీసా మూతకు మరచుట్లతో సహా చెక్కగలం. ఆ డి.హెచ్.9ఎ రెక్క దాదాపు 14 మీటర్లు. డెబ్బై రెండో వంతులో 19 సెంటీమీటర్లు. దాని అచ్చు మన నాచారంలో చెక్కండి. మొదటి విడతకు ఉక్కు కూడా అక్కర్లేదు, అల్యూమినియం చాలు. ఎజెక్టర్ పిన్నులు ఎక్కడ పెట్టాలో నేను చూపిస్తాను. నా దగ్గర వెర్నియర్, మైక్రోమీటర్, డైమండ్ పేస్టు, నలభై గేజి తీగ ఉన్నాయి. ఆదివారం పొద్దున పది దాకా మేడమీది గది తలుపు తీసే ఉంటుంది. బల్లమీద ఎస్.6బి ఉంది, దాని పక్కన యూ.ఎం. అక్షరాల స్పిట్‌ఫైర్ ఉంది. మూడోదానికి చోటు ఖాళీ చేసి పెట్టాను.